ఉల్లి మొలవకపోతే హస్తవాసి తప్పా?

రాయగడ జిల్లాలోని ఒక చిన్న టౌను నుంచి ఒక పాఠకురాలు రాశారు. పేరు, ఊరు బయటపెట్టవద్దన్నారు. ఉత్తరం చాలా పెద్దది. సగం ఉల్లి గురించి, సగం ఇంటి గురించి, రెండూ ఎక్కడికక్కడ కలిసిపోయి ఉన్నాయి. అందుకని కుదించి చెబుతున్నాను.

ఆవిడ పుట్టిల్లు శ్రీకాకుళం జిల్లా. పెళ్లయి ఒడిశా వచ్చారు. ఇంట్లో తెలుగే, పిల్లలు మాత్రం బడిలో ఒడియా చదువుతున్నారు. ఇంటి వెనక పెరడు ఉంది. అత్తగారు అందులో పసుపు, అల్లం వేస్తారు, వీధిలో ఆవిడ అల్లానికి మంచి పేరు. తల్లి పోయేముందు ఈవిడకు ఒక గుడ్డమూటలో ఉల్లి విత్తనం కట్టి ఇచ్చారట. తన పెరట్లో గడ్డలు నిలబెట్టి, పూలు ఎండాక దులిపిన గింజ. దాన్ని వంటింటి అటక మీద రెండేళ్లు దాచి, "ఏది వేసినా తొలకరికే వెయ్యాలి" అని అత్తగారు చెప్పడంతో జూన్‌లో చల్లారు. ఒక్కటి మొలవలేదు. పట్టుదలకొద్దీ టౌన్లో కొత్త ప్యాకెట్ కొని జూలైలో చల్లితే ఒత్తుగా మొలిచింది, ముసురు పట్టగానే రెండు రాత్రుల్లో నారంతా మొదట్లో మెత్తబడి పడిపోయింది. తర్వాత భర్త ఆన్‌లైన్‌లో కొబ్బరికాయంత ఉల్లిపాయ బొమ్మ ఉన్న విదేశీ విత్తనం తెప్పించారు. నవంబరులో వేస్తే చక్కగా వచ్చింది, నాటారు, ఆకు ఏపుగా పెరిగింది. ఏప్రిల్లో పీకి చూస్తే కింద లావుపాటి మెడ తప్ప గడ్డ లేదు.

అప్పుడు అత్తగారు అన్నారట: "నీ హస్తవాసే అంత. మిషను కొట్టూ అంతే అయింది కదా." ఈవిడ నడిపిన టైలరింగ్ షాపు 2020 లాక్‌డౌన్‌లో మూతపడింది, మళ్ళీ తెరవలేదు. ఇప్పుడు మామగారు పెరట్లో ఉల్లి వేసిన జాగాలో దొండపందిరి వేస్తానంటున్నారు. భర్తేమో "కిలో ముప్పైకి దొరికేదానికి ఇంత రభసా" అంటారు. పక్కింటి ఒడియా మావుసీ (అంటే పిన్ని) వాళ్ళ వసారాలో మాత్రం ఏటా ఉల్లి గుత్తులు వేలాడుతుంటాయి. ఆవిడ సంతలో నారు కట్టలు కొని నాటుతుందని ఈమధ్యే తెలిసింది. దాంతో ఈవిడకు ఒక ఆలోచన వచ్చింది. ఈసారి తనూ సంతలో నారు కొని, ఎవరూ చూడకుండా మడిలో పెట్టేసి, విత్తనం నుంచి పెంచానని చెబితే ఎలా ఉంటుంది? ఇంకా అమ్మ ఇచ్చిన గింజలు పిడికెడు మిగిలాయి, వాటిని వెయ్యాలా, దాచుకోవాలా? చివర్లో, చిన్న అక్షరాల్లో: "నిజంగానే నా చెయ్యి మంచిది కాదేమో అనిపిస్తోందండీ."

ఇదీ ఉత్తరం.

చివరి మాటతోనే మొదలుపెడతాను, ఎందుకంటే మీరు దాన్ని చివర్లో దాచారు గానీ ఉత్తరమంతా దానికోసమే రాశారు. మీ చేతికీ ఈ ఉల్లికీ ఏ సంబంధం లేదు. ఓదార్పు కోసం అనడం లేదు, మీరు రాసిన వివరాలే ఆ మాట చెబుతున్నాయి. మీరు మూడు పంటలు పోగొట్టుకున్నారు, మూడూ మూడు వేర్వేరు కారణాలతో పోయాయి. నిజంగా చేతిలోనే లోపం ఉంటే అన్నీ ఒకేలా పోవాలి కదా.

మొదటిది, అమ్మ విత్తనం. కూరగాయల విత్తనాల్లో చాలా త్వరగా ప్రాణం పోయేవాటిలో ఉల్లి గింజ ఒకటి. వంకాయ, టమాటా గింజలు పొడిగా ఉంచితే నాలుగైదేళ్లు కూడా మొలుస్తాయి. ఉల్లి గింజను మామూలుగా గుడ్డలో కట్టి పెడితే ఏడాది దాటాక నమ్మకం లేదు. తేమ, వేడి రెండూ దానికి పడవు, మీరేమో వంటింటి అటక మీద పెట్టారు, అక్కడ రెండూ పుష్కలం. వానాకాలంలో గాలిలోని తేమను గుడ్డమూట పీల్చుకుంటుంది, కింద పొయ్యి వేడి, అలా రెండు వానాకాలాలు. మీరు చల్లే రోజుకే ఆ గింజల్లో చాలామటుకు చచ్చిపోయి ఉంటాయి. బయటికి మాత్రం నల్లగా, నిగనిగలాడుతూనే ఉంటాయి, అదే దాంతో వచ్చిన చిక్కు.

రెండోది మొలిచింది. అంటే మీ చేత్తో చల్లిన గింజ మొలిచింది, ఆ మాట మీరు ఎక్కడా రాయలేదు. అది పోవడానికి కారణం నారుకుళ్లు. మట్టిలో ఉండే శిలీంధ్రం వల్ల వస్తుంది, నీరు నిలిచినచోట, నారు మరీ ఒత్తుగా ఉన్నచోట ఒక్క రాత్రిలో పాకుతుంది. నేల మట్టానికి చల్లామని రాశారు. రాయగడ జూలై వానలో నేల మట్టపు మడిలో ఉల్లినారు బతికితే ఆశ్చర్యపోవాలి గానీ పోతే కాదు.

మూడోది కాస్త తమాషా అయినది. ఉల్లి గడ్డ కట్టడానికి పగటి పొడవు కావాలి, అది రకాన్నిబట్టి ఉంటుంది. మన దేశపు రకాలు పగలు 11, 12 గంటలుంటే గడ్డ కట్టేస్తాయి. చలి దేశాల్లో పండించే ఆ పెద్ద తీపి ఉల్లి రకాలకు 14 గంటలు, అంతకు పైన కావాలి. మీ ఊళ్లో ఏడాది మొత్తంలో అతి పొడవైన పగలు, అంటే జూన్ మూడోవారంలో, 13 గంటలు దాటి కొద్ది నిమిషాలు ఉంటుందేమో, అంతే. ఆ మొక్క ఎదురుచూసే రోజు మీ ఊరికి ఎప్పటికీ రాదు, అందుకని ఆకులు పెంచుకుంటూ కూర్చుంది. గడ్డ కట్టకపోవడానికి వేరే కారణాలూ ఉంటాయి, లోతుగా నాటడం, ఆలస్యంగా నాటడం, యూరియా ఎక్కువ కావడం. కానీ విదేశీ ప్యాకెట్టు, ఏపైన ఆకు, లావు మెడ, మొత్తం మడిలో ఒక్క గడ్డయినా లేకపోవడం, ఇవన్నీ కలిపి చూస్తే నా అనుమానం విత్తనం మీదే. పైగా దాన్ని తెప్పించింది మీ ఆయన. ఆ నేరం కూడా మీ చేతి ఖాతాలోనే ఎందుకు రాశారో నాకర్థం కాలేదు.

ఇక అత్తగారు. మీకు ఆవిడ మీద కోపం ఉంది, ఉండాల్సిందే, ఆ మాట అనకూడనిది. కానీ ఆవిడ ఇచ్చిన వ్యవసాయ సలహాను, ఆవిడ అన్న మాటను విడదీసి చూడండి. "ఏది వేసినా తొలకరికే" అన్నది ఆవిడ కావాలని మిమ్మల్ని ముంచడానికి చెప్పింది కాదు. ఆవిడకు వచ్చిన పంటలు పసుపు, అల్లం. వాటికి వానలకు ముందు, తొలకరికి దుంప నేలలో పడాలి, వానంతా తాగాలి, తేమ నేలలో ఆరేడు నెలలు ఊరాలి. ఆ లెక్క వాటికి అక్షరాలా నిజం. ఉల్లికి వచ్చేసరికి ఆ లెక్క తిరగబడుతుంది. వానాకాలపు ఉల్లి లేకపోలేదు, అగ్రిఫౌండ్ డార్క్ రెడ్, ఎన్-53, భీమా సూపర్ లాంటి రకాలు దానికోసమే ఉన్నాయి, రైతులు వేస్తారు కూడా. కానీ అది ఎత్తుమడులు, మందులు, రోజూ కాపలా ఉన్నవాళ్ల పంట. పెరట్లో తొలిసారి వేసేవాళ్లకు చలికాలపు పంటే సుఖం.

మీ వైపు దానికి ఇంకో కారణం కూడా ఉంది. అక్టోబరు. ఫైలిన్ తుఫాను 2013 అక్టోబరు 12న గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటింది, సరిగ్గా ఏడాదికి అదే తేదీన హుద్‌హుద్ విశాఖ మీద పడింది, తిత్లీ 2018 అక్టోబరు 11న పలాస దగ్గర దాటి గజపతి జిల్లాను ముంచింది. మీరు ఆ మూడింటి మధ్యలో ఉన్నారు. దసరా సెలవుల్లో తీరిగ్గా నారు పోద్దామనుకుంటే తుఫాను దాన్ని తీసుకుపోవచ్చు. అందుకని నేనైతే కార్తీకం వచ్చేదాకా ఆగమంటాను. దీపావళి వెళ్ళాక, అక్టోబరు చివర, నవంబరు మొదట్లో నారు పోసుకుంటే ఏడెనిమిది వారాలకు నాటే ఈడు వస్తుంది, సంక్రాంతి లోపు నాటేస్తే ఏప్రిల్ నెలాఖరుకు, కాలబైశాఖి వానలు (వేసవిలో ఉరుములు, ఈదురుగాలితో పడేవి) ముదరకముందే గడ్డ ఇంట్లో ఉంటుంది. మీరు నవంబరులో వేసిన ఆ విదేశీ విత్తనం బాగా మొలిచి బాగా పెరిగింది చూశారా, అదే సాక్ష్యం. కాలం సరైనదే, రకం తప్పు.

ఇప్పుడు మీ రహస్య పథకం. సంతలో నారు కొని దొంగచాటుగా మడిలో పెట్టడం.

పని జరుగుతుంది. మంచి నారయితే గడ్డ కూడా కడుతుంది. ఏప్రిల్లో అత్తగారి ముందు బుట్టెడు ఉల్లిపాయలు పోస్తారు. ఆ తర్వాత? వచ్చే ఏడాది మళ్ళీ అదే దొంగతనం చెయ్యాలి, ఆ పైఏడాదీ చెయ్యాలి. సంత చిన్నది, నారు అమ్మేవాళ్ళను మావుసీ పేరుపేరునా ఎరుగుతుంది, ఆవిడ నోరు జారితే ఉన్న మాటకు ఇంకో మాట తోడవుతుంది. అన్నిటికంటే నాకు నచ్చనిది ఏంటంటే, అత్తగారు మెచ్చుకున్నా ఆ మెప్పు మీకు చేరదు. మీ చెయ్యి మంచిదో కాదో అనే అనుమానం ఆవిడకు పోయి మీకు మిగులుతుంది. ఇప్పుడున్న టెన్షన్ కంటే అది నయమని మీకనిపిస్తే చెయ్యండి, ఉల్లి నారు విషయంలో అబద్ధం ఆడితే ఆకాశం ఊడిపడదు. కానీ మీ ఉత్తరం చదివితే మీరు ఆ మాట అత్తగారిని నమ్మించడం కంటే మిమ్మల్ని మీరు నమ్మించుకోవడానికే ఎక్కువ అవస్థ పడుతున్నారనిపించింది.

అదే నారును బాహాటంగా కొంటే? అది వేరే సంగతి. "ఈ ఏడాది మావుసీతో కలిసి సంతకెళ్లి నారు తెచ్చి నాటుతున్నాను" అని చెప్పి నాటండి. నాటడం, కలుపు తియ్యడం, నీళ్లు ఆపడం, ఆరబెట్టడం, ఈ సగం పని ఒక ఏడాది నేర్చుకుంటారు, విత్తనం సగం వచ్చే ఏడాది. ఎంతోమంది రైతులు నారు కొనే ఉల్లి పండిస్తారు, వాళ్ళెవరూ తమను తాము తక్కువగా చూసుకోరు. దీనిలో ఉన్న లోటు ఒక్కటే, అమ్మ గింజతో మొదలైన కోరిక తీరదు. మీకు గడ్డ ముఖ్యమా, గింజ నుంచి గడ్డ దాకా చూడటం ముఖ్యమా అనేది మీరే తేల్చుకోవాలి. నారు కొనేటప్పుడు జానెడు పొడవు దాటని, మొదలు గట్టిగా ఉన్న కట్టలు తీసుకోండి, ముదిరిపోయిన నారు నాటితే గడ్డ కట్టే బదులు పూతకాడ వేస్తుంది.

మొలకొచ్చిన ఉల్లిపాయలు గుచ్చుదామని ఎవరైనా చెబితే, పప్పులోకి ఉల్లికాడలు వస్తాయి, ఆ మేరకు బాగుంటుంది, మంచి గడ్డ మాత్రం రాదు.

మూడో దారి, మళ్ళీ విత్తనమే, కానీ చిన్నగా, మీ చేతుల్లో ఉండేంత చిన్నగా. నా ఓటు దీనికే, లేదా దీన్నీ బాహాటపు నారునూ కలిపి సగం సగం చేయడానికి. ఒక గ్రాములో 250కి పైనే ఉల్లి గింజలుంటాయి. చదరపు మీటరుకు అరవై, అరవైఐదు మొక్కలు పడతాయి. అంటే రెండు గ్రాముల విత్తనం కొంటే, సగం పోయినా, మీరు చెప్పిన రెండు మంచాలు పట్టే జాగాకు దాదాపు సరిపోతుంది. కొనేటప్పుడు బొమ్మ చూడకండి, వెనక చూడండి: పరీక్ష చేసిన తేదీ, ఎప్పటిదాకా చెల్లుతుంది, రకం పేరు. చలికాలానికి అగ్రిఫౌండ్ లైట్ రెడ్, భీమా శక్తి, భీమా కిరణ్ లాంటివి. మన నిబంధనల ప్రకారం అమ్మే ఉల్లి విత్తనం కనీసం 70 శాతం మొలవాలి. దుకాణాల్లో దొరక్కపోతే మీ జిల్లా కృషి విజ్ఞాన కేంద్రం గుణుపూర్‌లో ఉంది, ఏ రకం మీ నేలకు నప్పుతుందో అడగొచ్చు.

తెచ్చిన రోజే ఇరవై గింజలు లెక్కపెట్టి తడిగుడ్డలో చుట్టి ఒక డబ్బాలో పెట్టండి. పది రోజుల్లో పద్నాలుగైనా మొలవాలి. ఇది ఇంట్లో అందరి ఎదుటా చెయ్యండి, వంటింటి గట్టు మీదే పెట్టండి. పిల్లలతో లెక్క పెట్టించండి, వాళ్లకు ఇలాంటివి ఇష్టం. మొలవని విత్తనమైతే మడిలో పడకముందే తెలిసిపోతుంది, అప్పుడు ఎవరి హస్తవాసి ప్రసక్తీ రాదు, ప్యాకెట్ వాపసు ఇచ్చే ప్రసక్తి వస్తుంది.

నారుకు నేల అక్కర్లేదు. చేపల దుకాణంలో పారేసే థర్మాకోల్ పెట్టె తీసుకుని బాగా కడిగి, అడుగున బోలెడు బెజ్జాలు పెట్టి, డాబా మీద ఎండ తగిలే చోట పెట్టుకోండి. సగం మట్టి, సగం బాగా మాగిన, జల్లించిన పశువుల ఎరువు, దొరికితే ఒక చెంచాడు ట్రైకోడెర్మా విరిడి (కుళ్లు తెగులును అడ్డుకునే మంచి శిలీంధ్రపు పొడి). పచ్చిపేడ వద్దు. మీ వైపు ఎర్రనేలలు పుల్లగా ఉంటాయి, ఉల్లికి పులుపు పడదు, కాబట్టి నాటే మడిలో ముందుగానే కొద్దిగా వ్యవసాయ సున్నం కలిపితే మంచిది. పెట్టెలో రెండంగుళాల ఎడంతో గీతలు గీసి గింజలు పల్చగా, ఒకదానికొకటి తగలకుండా వేసి, వేలి గోరంత మందాన జల్లెడ మట్టి కప్పండి. పైన కాస్త వరిగడ్డి. వారం, పది రోజుల్లో మొలక గుండుసూదిని మధ్యకు వంచినట్టు పైకొస్తుంది, అది కనబడ్డ సాయంత్రమే గడ్డి తీసేయాలి, ఆలస్యం చేస్తే నారు పాలిపోయి సాగుతుంది. నీళ్లు పొద్దున పూటే, చెంబుతో కుమ్మరించకుండా చిలకరించాలి. ఎక్కడైనా నాలుగు మొలకలు వాలితే వాటిని మట్టితో సహా తీసి పారేసి, కాపర్ ఆక్సీక్లోరైడ్ అనే తెగులు మందు లీటరు నీటికి 3 గ్రాములు కలిపి ఆ చుట్టూ తడపండి, ఒకటి రెండు రోజులు నీళ్లు ఆపండి. తుఫాను కబురొస్తే పెట్టె ఎత్తుకుని లోపలికి పోవడమే, మడిని ఎవరూ ఎత్తుకుపోలేరు కదా. కోళ్ల గోల కూడా ఉండదు. పల్లెల్లో చాలా నారుమళ్ల చావుకు శిలీంధ్రం కంటే పక్కింటి కోడే కారణం, ఎవరూ ఒప్పుకోరు గానీ.

నాటేటప్పుడు గుర్తుపెట్టుకోవాల్సింది ఒక్కటే. లోతు వద్దు. వేళ్ళు మునిగి, తెల్లని మొదలు అంగుళం లోపల ఉంటే చాలు. మొక్కకూ మొక్కకూ నాలుగంగుళాలు, వరసకూ వరసకూ ఆరు. ఉల్లి వేళ్ళు పైపైనే ఉంటాయి కాబట్టి నీళ్లు కొంచెం కొంచెంగా తరచూ పెట్టాలి, కలుపు చేత్తో తీయాలి. ఫిబ్రవరి, మార్చి ఎండల్లో ఆకుల మీద వెండి గీతలు కనిపిస్తే అవి తామర పురుగులు, వేపనూనె నీళ్లు లేత ఆకుల మధ్యలోకి పోయేలా కొట్టండి. సగం మొక్కలు మెడ వాల్చేవేళకు నీళ్లు పూర్తిగా ఆపేసి, నేల ఆరాక పీకి, ఆకుతోనే కొన్ని రోజులు నీడపట్టున ఆరబెట్టాలి. మిగతా చిన్నాచితకా మావుసీకి తెలుసు, అడగండి, ఆవిడ సంతోషంగా చెబుతుంది.

జాగా తగువుకొస్తే, మామగారు దొండపందిరి వేస్తే కింద నీడ పడుతుంది, నీడలో ఉల్లి గడ్డ కట్టదు, రెండూ ఒకచోట కుదరవు. కానీ మీకు ఆ జాగా డిసెంబరు దాకా అవసరం లేదు, నారు డాబా మీదే ఉంటుంది. అత్తగారి అల్లం ఎప్పుడు తవ్వుతారు? డిసెంబరు, జనవరికే కదా. తవ్విన మడి గుల్లగా, ఎరువుతో, ఎండకు తెరుచుకుని ఉంటుంది, సరిగ్గా మీ నారు నాటే వేళకు. అది అడగండి. అక్కడ ఈ ఏడు అల్లానికి దుంపకుళ్లు వచ్చి ఉంటే మాత్రం ఆ మడి వద్దు, వేరే మూల చూసుకోండి. అత్తగారిని మడి అడగడం మీకు కష్టమే, నాకు తెలుసు. అడిగితే ఆవిడ కాదనొచ్చు, అప్పుడు మామగారి పందిరిని ఒక వారగా జరపమని ఆయనతో మాట్లాడుకోవాలి, రిటైరయిన మనిషికి పెరడే ఆఫీసు, ముందే అడిగితే ఒప్పుకుంటారు, గుంజలు పాతాక అడిగితే ఒప్పుకోరు. ఒకవేళ ఆవిడ సరేనంటే ఆ పంటలో ఆవిడకూ వాటా వస్తుంది, తన మడిలో వేసినదాన్ని ఎగతాళి చెయ్యడం ఎవరికైనా కష్టం. ఇది చిన్న రాజకీయమే, ఒప్పుకుంటాను.

మీ ఆయన లెక్క గురించి వాదించకండి, ఆయన లెక్క కరెక్టే. బాగా పండితే చదరపు మీటరుకు రెండున్నర, మూడు కిలోలు వస్తాయి. మొత్తం కలిపి వందల్లో లాభం, అంతే. మీరు డబ్బు కోసం వెయ్యడం లేదు, ఆ మాట ఆయనతో తిన్నగా అనండి: "అమ్మ వేసేది, నాకు వెయ్యాలని ఉంది." ఇంతవరకు మీరు ఆ మాట ఇంట్లో ఎవరితోనూ అనలేదని ఉత్తరాన్నిబట్టి అర్థమైంది. అందరూ దాన్ని కూరగాయల ఖర్చుగానే చూస్తున్నారు, వాళ్లకు వేరే ఏమీ తెలియదు మరి.

అత్తగారి మాటకు జవాబు చెప్పాలా వద్దా అంటే, ఊరుకుంటే ఆ మాట అలవాటవుతుంది. నలుగురిలో జవాబు చెబితే పండగల దాకా సాగుతుంది. ఇద్దరే ఉన్నప్పుడు, అల్లం కడిగేటప్పుడో పసుపు ఉడికించేటప్పుడో, "అత్తయ్యా, పంట పోయిందనండి, నా చెయ్యి మంచిది కాదనకండి, నాకు బాధేస్తోంది" అని ఒక్కసారి చెప్పి ఆపేయండి. ఆవిడ వెంటనే మారతారని నేను హామీ ఇవ్వను. భర్త చేత చెప్పించడం మాత్రం వద్దు, చాడీ అయిపోతుంది.

టైలరింగ్ షాపు గురించి మీరు ఒక్క వాక్యమే రాశారు, అదీ అత్తగారి నోటితో. 2020లో పెళ్లిళ్లు లేవు, బళ్ళు లేవు, జాకెట్లు, యూనిఫారాలు కుట్టించుకునే వాళ్లే లేరు. ఆ ఏడాది మూతపడ్డ కొట్టుకూ నారుకుళ్లుకూ ముడిపెట్టడం అత్తగారు చేశారంటే సరే, మీరు కూడా చెయ్యకండి. మిషను ఇంకా ఇంట్లోనే ఉందా, మళ్ళీ తెరవాలని ఉందా అన్నది వేరే ఉత్తరం, రాస్తే విడిగా మాట్లాడుకుందాం. ఉల్లి పండితే తెరుస్తాను, పండకపోతే లేదు అని మనసులో మొక్కు లాంటిది పెట్టుకుంటే మాత్రం ఇప్పుడే తీసేయండి.

ఇక అమ్మ గింజలు. దాచుకుంటే ఇంకో ఏడాదికి అందులో బతికున్న ఒకటీ అరా కూడా పోతాయి, కాబట్టి దాచడం అనేది కాపాడటం కాదు. గుర్తుగా ఒక చిటికెడు కుంకుమభరిణెలో ఉంచుకుని, మిగతావన్నీ మడిలో చల్లకుండా, పెద్ద తడిగుడ్డ మీద పరిచి చూడండి, చల్లబడ్డ రోజుల్లో, కార్తీకంలోనే. పిడికెడంటే వేలల్లో గింజలు, వందకు ఒకటి మొలిచినా మీకు మొక్కలున్నట్టే. మొలిచినవాటిని మాత్రం జాగ్రత్తగా ఏరి పెట్టెలో పెట్టుకోండి. వాటి నుంచి ఏప్రిల్లో గడ్డ తీసి, ఆరబెట్టి నిలవ చేసి, మళ్ళీ చలి మొదలయ్యాక ఆ గడ్డల్నే పాతితే పూతకాడలు వేస్తాయి, వేసవికి గింజ వస్తుంది, అంటే గింజ చేతికి రావడానికి రెండు చలికాలాలు. మూడో నాలుగో గడ్డల నుంచి తీసిన విత్తనం తరం తిరిగేసరికి నీరసపడుతుంది, ఇరవైకి తక్కువ కాకుండా ఉంటే మేలు. తేనెటీగలు పక్కపెరటి పూలను కూడా కలిపేస్తాయి కాబట్టి ఆ నెలల్లో మావుసీ మడిలో వచ్చే పూతకాడలు తుంచేయమని అడగాలి.

ఒక్కటి కూడా మొలవకపోవచ్చు, దానికి సిద్ధపడే చెయ్యండి. కానీ పెరట్లో గింజ దులిపే అలవాటున్న మనిషి ఆ గింజ ఒక్క కూతురికే ఇచ్చి ఉండరు. మీ ఊళ్లో అమ్మ ఎవరెవరితో విత్తనాలు ఇచ్చిపుచ్చుకునేవారో మీ వదినకో పిన్నికో తెలిసే ఉంటుంది. ఆ ఇళ్లలో ఎవరైనా ఇంకా నిలబెడుతుంటే, ఈ వేసవిలో దులిపిన గింజ ఇప్పుడు వాళ్ల దగ్గర ఉంటుంది, మీ అమ్మ ఉల్లికి అదే కొనసాగింపు. ఈ వారమే ఫోన్ చేసి అడగండి. దొరికితే ఒక పూట నీడలో ఆరబెట్టి, బిగుతు మూత ఉన్న సీసాలో పోసి, సీసా మీద నెల, సంవత్సరం రాసి, ఫ్రిజ్‌లో కింది అరలో పెట్టండి. అటక మీద వద్దు.